పల్లవి ఎవరిది, వంత ఎవరిది?

పాటకు కులం లేదనే మాట మన వేదికల మీద తరచూ వినిపిస్తుంది. ఓరుగల్లు ప్రాంతపు జానపద కళలను దగ్గరగా చూసినవారెవరూ ఆ మాట అనలేరు. పద్మశాలీలకు కూనపులులు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు చిందులు, డక్కలివారు కథ చెబుతారు. ఒగ్గు కథ కురుమ, గొల్లలు కొలిచే బీరప్ప, మల్లన్నల చుట్టూ అల్లుకున్నది. కులానికో పురాణం, దాన్ని పాడటానికో ఆశ్రిత కులం, వారికి 'త్యాగం' పేరిట ముట్టే ప్రతిఫలం. ఊళ్లు కూడా మిరాశీగా పంచుకున్నవే. వినడానికి ఎవరైనా రావచ్చు. పాడే హక్కు మాత్రం పుట్టుకతో రావలసిందే.

ఒగ్గు కథకు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చిన చుక్క సత్తయ్య, 2024లో పద్మశ్రీకి ఎంపికైన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య, ఇద్దరిదీ జనగామ జిల్లాయే. అయినా ఆ రెండు కళలు ఒకే పాటను కలిసి ఎత్తుకునే చోటు ఊరి సంప్రదాయంలో లేదు.

ఆ చోటును ఉద్యమం కల్పించింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఒగ్గు డోలునూ డప్పునూ ఒకే వేదిక మీదికి తెచ్చింది. 2011లో 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో భూపాలపల్లి గని కార్మికుల శిబిరంలో నేనూ కోరస్‌లో నిలబడ్డాను. పాట ఎత్తుకున్నది డప్పు పట్టిన దళిత యువకుడు. వెనక అందుకున్నవారిలో పటేళ్ల పిల్లలూ ఉన్నారు. చావుకూ చాటింపుకూ వెట్టిగా మోగిన డప్పు అక్కడ తాళం నిర్ణయించింది. మిగతా కులాలు దాన్ని అనుసరించాయి. కలిసి పాడటం కన్నా, వరుస తారుమారు కావడమే అక్కడ జరిగిన అసలు మార్పు. వంత పాడటమంటే తలూపడమనే అర్థం మన భాషలో ఊరికే రాలేదు.

రాష్ట్రం వచ్చాక ఆ వరుస మళ్లీ యథాస్థానానికి చేరింది. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన బతుకమ్మను చాలా ఊళ్లలో నేటికీ గుడి ముందు ఒకరు, దళితవాడలో ఒకరు విడివిడిగా ఆడుతున్నారు. ఒకేచోట ఆడినా దళిత స్త్రీలు వలయం అంచున నిలబడి అందుకోవలసిందే. ముందు నడిచే డప్పు కూలికి వస్తుంది. ఆ డప్పు కొట్టే మనిషి భార్య గుడి ముందు పాట ఎత్తుకోవడం నేనింతవరకు చూడలేదు. సామరస్యం మీద ఉపన్యాసాలకు మాత్రం కొదవ లేదు.

భూమి, ఉద్యోగం, వర్గీకరణ వంటి ప్రశ్నలుండగా పాట గురించి చర్చ ఎందుకని విద్యార్థి మిత్రులు అడుగుతారు. పాట భూమిని పంచదు, నిజమే. కానీ మొదటి గొంతు ఎవరిదో తేల్చుకోలేని ఊరు, గ్రామసభలో ఎవరి మాట ముందు వింటుంది?

భూపాలపల్లి సింగరేణి కాలనీల్లో అన్ని కులాలవారూ క్వార్టర్లలో గోడకు గోడ ఆనుకుని ఉంటారు. అక్కడి మైదానంలో మాదిగ కార్మికుని భార్య పాట ఎత్తుకుంటే పక్క క్వార్టరు రెడ్డి ఇంటి ఆడవాళ్లు అందుకోవడం చూశాను. జీతం, క్వార్టరు ఒకే కంపెనీవి కావడం వల్ల అది సాధ్యమైంది. సద్దుల బతుకమ్మకు సెలవు పెట్టి సొంత ఊరికి వెళ్తే, ఆమె తన పూల తాంబాళం పట్టుకుని దళితవాడ వైపే నడవాలి.