భూ రికార్డుల బ్లాక్‌చెయిన్‌లో ‘ఏకాభిప్రాయం’: ఏ పద్ధతి ఎక్కడ తగును?

నంబులపూలకుంట (శ్రీ సత్యసాయి జిల్లా): ఒకే సర్వే నంబరు ఇద్దరి పేర రిజిస్టరు కావడం, అడంగల్‌లో పేర్లు తారుమారైనాయన్న ఫిర్యాదులు రావడం రెవెన్యూ యంత్రాంగానికి కొత్త కాదు. నంబులపూలకుంట సౌర విద్యుత్ పార్కులో ఎన్.టి.పి.సి. 250 మెగావాట్ల కేంద్రం 2016లో ఉత్పత్తి ప్రారంభించింది. ఇటువంటి ప్రాజెక్టు వచ్చిన చోట రైతుకు అందవలసిన పరిహారం రికార్డులోని ఒక్క నమోదుపై ఆధారపడి ఉంటుంది.

రాష్ట్ర ప్రభుత్వం 2017లో భూ రికార్డులు, రవాణా శాఖలలో బ్లాక్‌చెయిన్‌ను ప్రయోగాత్మకంగా చేపట్టింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐ.టి. మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబరులో ప్రారంభించిన ‘విశ్వస్య’ వేదిక భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లలోని ఎన్.ఐ.సి. డేటా సెంటర్ల ద్వారా పనిచేస్తుంది. ‘తారుమారు అసాధ్యం’ అన్న మాట ఇటువంటి సందర్భాలలో తరచు వినవస్తుంది. అది ఎంతవరకు నిజమన్నది ఏకాభిప్రాయ పద్ధతిని బట్టి ఉంటుంది.

ఒకే రిజిస్టరు ప్రతులు పలు కంప్యూటర్లలో, అనగా నోడ్లలో, ఉన్నప్పుడు తదుపరి నమోదు ఏదన్నది అవన్నీ కలసి నిర్ణయించుకొనే విధానమే ఏకాభిప్రాయం. రచ్చబండ వద్ద పెద్దల తీర్మానం వంటిదే అనుకోవచ్చును గాని, ఇక్కడ పెద్దలలో ఒకరు గైర్హాజరు కావచ్చు, మరొకరు అబద్ధమాడవచ్చు. ఈ రెండూ వేర్వేరు సమస్యలు.

2009లో మొదలైన బిట్‌కాయిన్ అనుసరించే ‘ప్రూఫ్ ఆఫ్ వర్క్’లో ఎవరైనా, అనుమతి లేకుండానే, పాల్గొనవచ్చును. కఠినమైన గణనను ముందుగా పూర్తి చేసిన వారికి నమోదు హక్కు లభిస్తుంది. ఇందుకు విద్యుత్తు అపారంగా ఖర్చవుతుంది. ఇథీరియం 2022 సెప్టెంబరు 15న దీనిని విడనాడి, సొమ్మును ధరావతుగా ఉంచే ‘ప్రూఫ్ ఆఫ్ స్టేక్’కు మారడంతో దాని విద్యుత్ వినియోగం 99.9 శాతానికి పైగా తగ్గినట్లు అంచనా. పాల్గొనేవారెవరో ముందే తెలిసిన ప్రభుత్వ కార్యాలయాలకు ఈ రెండూ అనవసరమే.

2014లో ప్రచురితమైన ‘రాఫ్ట్’ పద్ధతిలో నోడ్లు ఒక నాయక నోడ్‌ను ఎన్నుకొంటాయి. 5 నోడ్లలో 2 మూతపడినా పని ఆగదు. అయితే నాయక నోడ్ మోసగిస్తే మిగిలినవి గుర్తించలేవు. ఒకే శాఖ అంతర్గత రికార్డుకు ఇది చాలును.

1999లో కాస్ట్రో, లిస్కోవ్ రూపొందించిన పి.బి.ఎఫ్.టి. అబద్ధమాడే నోడ్‌ను సైతం తట్టుకొంటుంది. రెవెన్యూ, రిజిస్ట్రేషన్, సర్వే శాఖలు, బ్యాంకు ఒక్కొక్క నోడ్ నిర్వహిస్తున్నవనుకొందాం. 4 నోడ్లలో 3 అంగీకరిస్తేనే నమోదు ఖరారవుతుంది. ఒకటి వక్రించినా నష్టం లేదు. రెండు కుమ్మక్కైతే రక్షణ లేదు. నోడ్లు పెరిగిన కొద్దీ వాటి మధ్య సందేశాల సంఖ్య వర్గానుపాతంలో పెరుగుతుంది కనుక వందల కార్యాలయాలకు దీనిని యథాతథంగా విస్తరించడం కష్టం. హైపర్‌లెడ్జర్ ఫాబ్రిక్ సాఫ్ట్‌వేర్‌లో 2019 నుండి రాఫ్ట్, 2024లో వెలువడిన 3.0 నుండి ఈ తరహా పద్ధతి లభిస్తున్నవి.

నెట్‌వర్క్ తెగిపోయినప్పుడు వ్యత్యాసం మరింత స్పష్టమవుతుంది. ప్రూఫ్ ఆఫ్ వర్క్‌లో రెండు వైపులా నమోదు సాగి, తరువాత ఒక శాఖ రద్దవుతుంది. రాఫ్ట్, పి.బి.ఎఫ్.టి.లలో తగిన సంఖ్య లేని వైపు నమోదు నిలిచిపోతుంది. కక్షిదారులు కొన్ని గంటలు వేచి ఉండవలసి వచ్చినా, ఒకే భూమికి రెండు దస్తావేజులు పుట్టడం కంటె అదే మేలు.

నోడ్లు ఎన్ని అన్న ప్రశ్న కంటె అవి ఎవరి అధీనంలో ఉన్నవన్నది ముఖ్యం. నాలుగు నోడ్ల పాస్‌వర్డులూ ఒకే గుత్తేదారు చేతిలో ఉంటే అవి ఒక్క నోడ్‌తో సమానమే. పత్రికా ప్రతినిధులు ఈ ప్రశ్న అడగడం, అధికారులు టెండరు నిబంధనలలోనే దీనికి సమాధానం పొందుపరచడం ఉచితం.

నమోదు చేసిన వివరం నిజమా కాదా అన్నది ఏ పద్ధతీ పరిశీలించదు. క్షేత్ర విచారణలో తప్పుగా రాసిన పేరును సైతం అన్ని నోడ్లూ ఏకగ్రీవంగా భద్రపరుస్తాయి. దానిని చెరిపివేయడం కుదరదు గనుక, సమర్థాధికారి ఉత్తర్వు మేరకు సవరణను కొత్త నమోదుగా చేర్చవలసి ఉంటుంది. పాత నమోదు, దానిని ఆమోదించిన అధికారి డిజిటల్ సంతకం రికార్డులో అలాగే నిలిచి ఉంటాయి.