మందులకు లొంగని మూర్ఛకు శస్త్రచికిత్స

మూర్ఛ రోగులలో సుమారు మూడింట రెండు వంతుల మందికి మందులతోనే ఫిట్స్ అదుపులోకి వస్తాయి. మిగిలినవారు తరచు మందులు మార్చుకొంటూ ఏళ్లు గడుపుతారు. పిల్లల చదువు, పెద్దల ఉపాధి దెబ్బతినేది ఈ జాప్యంలోనే. సరిగా ఎంచిన రెండు మందులను తగు మోతాదులో వాడినా ఫిట్స్ ఆగనిచో, అది మందులకు లొంగని మూర్ఛ అని 2010లో అంతర్జాతీయ నిపుణులు నిర్వచించారు. శస్త్రచికిత్స అవకాశాన్ని పరిశీలించవలసిన సమయం అదే. చిట్టచివరి దశ కాదు.

అయితే ఇది అందరికీ తగినది కాదు. ఫిట్స్ మెదడులో ఒకేచోట పుడుతున్నాయా, ఆ భాగాన్ని తొలగిస్తే మాటకు, జ్ఞాపకశక్తికి హాని కలుగుతుందా అన్నది ఎం.ఆర్.ఐ., వీడియో ఇ.ఇ.జి. తదితర పరీక్షలతో ముందుగా నిర్ధారిస్తారు. కణత వైపున ఉండే టెంపోరల్ లోబ్‌లో పుట్టే మూర్ఛకు ఈ చికిత్స బాగా ఉపకరిస్తుంది. కెనడాలో 80 మంది రోగులపై జరిపి, 2001లో ప్రచురించిన అధ్యయనంలో శస్త్రచికిత్స వర్గంలో 58 శాతం మందికి ఏడాది తరువాత స్పృహను దెబ్బతీసే ఫిట్స్ లేవు. మందుల వర్గంలో ఇది 8 శాతమే. శస్త్రచికిత్స వర్గంలో నలుగురికి దుష్ఫలితాలు కలుగగా, మందుల వర్గంలో ఒకరు మరణించారు.

మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ 1995లో ఈ శస్త్రచికిత్సల కార్యక్రమాన్ని ప్రారంభించింది. శస్త్రచికిత్స అనంతరం కూడా మందులను వైద్యుల సలహాపై మాత్రమే, క్రమంగా తగ్గించవలసి ఉంటుంది.