మీకు తెలుసా? ఎర్రమట్టి చిల్లుకుండ

ఒడిశాలోని రాయగడ జిల్లా తెరుబలి చుట్టూ ఎటు చూసినా కనిపించే ఎర్రమట్టికీ, నియమగిరి కొండ నెత్తిన ఉన్న బాక్సైట్‌కీ పుట్టుక ఒక్కటే. రెండిటినీ తయారుచేసింది వాన. లక్షల ఏళ్ళుగా కురిసి కురిసి రాతిలోని సున్నం, మెగ్నీషియం, పొటాష్‌లను కరిగించి నాగావళిలోకి లాక్కుపోయింది. కరగని ఇనుము, అల్యూమినియం మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. ఇనుము తుప్పు పట్టి మట్టికి ఆ రంగు వచ్చింది. ఈ కడుగుడు కొండ మీద చివరిదాకా సాగితే బాక్సైట్ అయింది, 2013లో డొంగరియా కొంధు ఆదివాసులు పన్నెండు గ్రామసభల్లో తవ్వొద్దని తేల్చి చెప్పింది దాని గురించే. కింద మన పెరళ్ళలో అది సగంలో ఉంది. ఏటా ఇంకొంచెం సాగుతూనే ఉంది.

అందుకే రాయగడ జిల్లాలో ఎర్రమట్టి పెరడు చిల్లుకుండ లాంటిది. ఎంత పోసినా నిలవదు. ఏడాదిలో 1,200 మిల్లీమీటర్లకు పైగా పడే వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. జూలైలో వంగ మొదట్లో గుప్పెడు యూరియా వేస్తే, అందులో చాలావరకు మొక్క నోటికి అందకుండానే కిందికి దిగిపోతుంది. ఇలాంటి చోట ముందు చూడాల్సింది చిల్లు పూడ్చడం. ఆ పని చేసేది గత్తం, కుళ్ళిన ఆకు. సున్నాన్నీ పొటాష్‌నీ అంటిపెట్టుకుని ఉండే గుణం వాటికి ఎక్కువ, ఎర్రమట్టిలోని బంకకు తక్కువ.

మీ పెరటి మట్టి ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, గాజుగ్లాసు చాలు. ఎండిన మట్టిపెళ్ళ ఒకటి, నిమ్మకాయంత, మెల్లగా నీళ్ళలో వదలండి. గాలిబుడగలు వచ్చి, అంచులు రాలి, నిమిషంలోపే అడుగున బురదగా పరుచుకుందంటే మట్టిలో జిగురు లేనట్టు. ఎన్నో ఏళ్ళుగా ఆకు రాలి కుళ్ళిన చోటు నుంచి, పనసచెట్టు కింద నుంచి తీసిన పెళ్ళను పక్క గ్లాసులో వేసి చూడండి. అది చాలాసేపు పెళ్ళగానే ఉంటుంది, పైన నీళ్ళు తేటగానే ఉంటాయి. బూజు దారాలు, సూక్ష్మజీవులు వదిలే బంక ఆ రేణువుల్ని కట్టి ఉంచుతాయి. ఇళ్ళు కట్టేటప్పుడు వాలు చదును చేసి పైమట్టి ఎత్తేసిన చోట ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

టమాటా నారు ఆకుల అడుగు ఊదారంగు తిరిగితే తెగులని మందు కొట్టేస్తుంటారు. చాలాసార్లు అది భాస్వరం అందకపోవడం. మట్టిలో ఆమ్లం ఎక్కువైతే, అంటే పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే, అల్యూమినియం కరిగి వేరు కొసల్ని మొద్దుబారుస్తుంది. మనం వేసిన భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం కలిసి బిగబట్టి మొక్కకు ఇవ్వవు. డీఏపీ ఇంకో గుప్పెడు వేసినా అదే కథ.

దీనికి విరుగుడు కట్టెలపొయ్యిలోనే ఉంది. పురుగు పోతుందని పెద్దవాళ్ళు ఆనప పాదు మీద చల్లే బూడిదలో సున్నమూ పొటాషూ రెండూ ఉంటాయి. వాన కడిగి తీసుకుపోయినవి సరిగ్గా అవే. చదరపు మీటరుకు గుప్పెడు చొప్పున ఏడాదికొకసారి చాలు. పచ్చి పేడలో మాత్రం కలపకండి. ఘాటైన వాసన వస్తుంది చూశారా, అది నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోవడం. బొగ్గు బూడిద, ఫ్యాక్టరీ స్లాగ్ తినే మొక్కల దగ్గరికి రానివ్వొద్దు. వాటిలో క్రోమియం లాంటి భారలోహాలు ఉండే వీలుంది. అన్నట్టు, కోడిగుడ్డు పెంకులు ముక్కలుగా పడేస్తే ఏళ్ళ తరబడి పెంకులుగానే ఉంటాయి. మెత్తగా దంచితేనే ఉపయోగం.

కాగితానికీ పొలానికీ ఉన్న చుట్టరికం ఇంకో విశేషం. రాయగడ పక్కన జేకేపూర్‌లో ఉన్నటువంటి కాగితపు మిల్లుల్లో గుజ్జు తయారీ తర్వాత సున్నపు బురద మిగులుతుంది. ఒడిశా ఆమ్లనేలల్లో సున్నానికి బదులు చౌకగా వాడుకోవచ్చని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పింది దాన్నే. పెరటి మట్టుకు వ్యవసాయ సున్నమో డోలమైటో కొనుక్కోవడమే తేలిక.

ఎండుటాకు, వరిగడ్డి మాగకుండానే మట్టిలో కలిపేస్తే మొక్కలు పసుపుబారి నీరసిస్తాయి, ఎందుకో తెలుసా? వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి, ఆ నత్రజనిని మొక్క వాటా నుంచి లాక్కుంటాయి. కుప్పలో కర్బనం నత్రజనికి 25 నుంచి 30 రెట్లుంటే బాగా మాగుతుంది. వరిగడ్డిలో అది 80 రెట్ల దరిదాపుల్లో ఉంటుంది. పేడ, పచ్చి కలుపు, కూరగాయల చెత్త పొరలుగా కలిపితే లెక్క సరిపోతుంది. లేదా మట్టిలో కలపకుండా పైన పరచండి. చినుకు దెబ్బ మట్టికి తగలదు, కిందివైపు నుంచి వానపాములు నెమ్మదిగా లాక్కుంటాయి. వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ ఈ కంపోస్టు లెక్కలు చాలావరకు తేల్చింది ఇండోర్‌లో. యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో పుస్తకం వేశాడు. కంపోస్టు పాఠాలు ఇప్పటికీ చాలావరకు అక్కడివే.

ఆంధ్రలో ప్రకృతి సేద్యం చేసేవాళ్ళ జీవామృతం ఇప్పుడు ఇటూ వచ్చింది. ఎకరానికి 200 లీటర్ల లెక్కను పెరటికి కుదిస్తే ఇలా: 20 లీటర్ల నీళ్ళు, కిలో పేడ, లీటరు ఆవుమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. నీడలో రెండు రోజులు, పూటపూటా కలియబెట్టాలి. నిజం చెప్పాలంటే కిలో పేడలో మొక్కకు సరిపడా తిండి లేదు. ఇది సూక్ష్మజీవుల తోడు మాత్రమే. కింద కుళ్ళడానికి ఆకు లేకపోతే ఒట్టి నేల మీద పోసిన జీవామృతం దండగ.

ఇక్కడి కొండ పొలాల్లో చోళ్ళు, సామలు, కందులు కలిపి చల్లుతారు. ఆ కందిని పెరటి దడి పొడుగునా వేసి చూడండి. పూతకు ముందు ఒక మొక్క పీకి, వేరు మీద ఆవగింజల్లా ఉన్న బుడిపెను గోరుతో చీలిస్తే లోపల గులాబీరంగు కనిపించాలి. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన ఇనుప పదార్థమది. అది ఉందంటే గాలిలోని నత్రజని వేరులోకి దిగుతున్నట్టే. బూడిదరంగులోనో ఆకుపచ్చగానో ఉంటే ఆ బుడిపె పని చేయడంలేదు. ఆమ్లం ఎక్కువైన మట్టిలో తరచూ జరిగేదిదే, అక్కడ బూడిద ఇంకాస్త వేయాలి. కాయలు కోశాక కందిచెట్టును వేళ్ళతో సహా పెకలించకండి, మొదలు దగ్గర కోసి వదిలేయండి. లోతుకు దిగిన ఆ వేళ్ళు కుళ్ళి చేసిన గొట్టాల వెంటే మరుసటి ఏటి వానాకాలం బీరపాదు వేళ్ళు దిగుతాయి.