పల్నాటి ఎండలో పత్తి, మిరప, జొన్న: కాంతిశ్వాసక్రియ ప్రభావం

వేసవి వచ్చిందంటే ఉష్ణోగ్రతల వార్తల్లో రెంటచింతల పేరు వినిపించడం పరిపాటి. మాచర్ల, గురజాల ప్రాంతాల్లో ఎండకు దిగుబడి తగ్గిందన్నప్పుడు నీటి ఎద్దడి, పూత రాలడం వెంటనే గుర్తుకు వస్తాయి. పైకి ఏ లక్షణమూ కనిపించకుండా ఆకు లోపల జరిగే నష్టం మరొకటి ఉంది. అదే కాంతిశ్వాసక్రియ.

కిరణజన్య సంయోగక్రియలో రుబిస్కో ఎంజైము కార్బన్ డై ఆక్సైడ్‌ను అయిదు కర్బనాల చక్కెరతో కలుపుతుంది. ఈ ఎంజైము అదే స్థానంలో ఆక్సిజన్‌ను కూడా స్వీకరిస్తుంది. గాలిలో ఆక్సిజన్ దాదాపుగా లేని కాలంలో రూపొందినందువల్ల, ఆ రెండు వాయువులను కచ్చితంగా వేరుచేయవలసిన అవసరం దానికి అప్పుడు కలగలేదు. నేడు గాలిలో ఆక్సిజన్ 21 శాతం కాగా కార్బన్ డై ఆక్సైడ్ సుమారు 0.04 శాతమే. ఆక్సిజన్ చేరినప్పుడు ఫాస్ఫోగ్లైకాలేట్ అనే రెండు కర్బనాల నిరుపయోగ పదార్థం ఏర్పడుతుంది. దీనిని తిరిగి వినియోగంలోకి తెచ్చుకోవడానికి మొక్క హరితరేణువు, పెరాక్సీసోమ్, మైటోకాండ్రియాల మీదుగా సుదీర్ఘ ప్రక్రియను నడుపుతుంది. ఇందులో నాలుగింట మూడు వంతుల కర్బనం తిరిగి దక్కుతుంది. మిగిలిన వంతు కార్బన్ డై ఆక్సైడ్‌గా వెలువడుతుంది. దానితోపాటు విడుదలయ్యే అమోనియాను మళ్లీ స్థిరీకరించడానికి అదనపు శక్తి ఖర్చవుతుంది.

సుమారు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు కర్బన స్థిరీకరణలకు ఒకసారి ఆక్సిజన్ చర్య జరుగుతుందని అంచనా. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఈ నిష్పత్తి మొక్కకు ప్రతికూలంగా మారుతుంది. వేడి నీటిలో ఆక్సిజన్ కంటే కార్బన్ డై ఆక్సైడ్ కరిగే గుణం వేగంగా తగ్గడం ఒక కారణం. వేడికి రుబిస్కో ఎంపిక శక్తి సన్నగిల్లడం రెండవది. మట్టిలో తేమ తగ్గితే పత్రరంధ్రాలు మూసుకొని ఆకు లోపలి కార్బన్ డై ఆక్సైడ్ మరింత పడిపోతుంది. పల్నాటిలో ఈ మూడూ తరచుగా ఒకే మధ్యాహ్నం కలిసివస్తాయి.

ఈ ప్రాంతపు ముఖ్యపంటలైన పత్తి, మిరప, వరి, కంది అన్నీ సి3 మొక్కలే కాబట్టి ఈ నష్టానికి లోనవుతాయి. జొన్న, సజ్జ, మొక్కజొన్న సి4 మొక్కలు. ఇవి ముందుగా మరొక ఎంజైము ద్వారా కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టి, ఈనెల చుట్టూ ఉండే కణాల్లోని రుబిస్కో వద్దకు గాఢంగా చేరవేస్తాయి. ఆక్సిజన్‌కు అక్కడ అవకాశం చాలా స్వల్పం. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూడుపై ఎత్తిపొడుపులు కనిపిస్తాయి. రుచి మాట ఎలా ఉన్నా, ఈ నేలకు, ఈ ఎండకు శరీరధర్మరీత్యా తగిన పైరు అదే. అయితే సి4 విధానానికి అదనపు శక్తి అవసరం. చల్లని వాతావరణంలో, నీడలో ఈ ఆధిక్యం తగ్గుతుంది. అందువల్ల రబీ మొక్కజొన్న విషయంలో డిసెంబరు, జనవరి చలిరోజులను మండు వేసవితో సమానంగా లెక్కించరాదు.

కాంతిశ్వాసక్రియను పూర్తిగా వ్యర్థమనడం కూడా సరికాదు. పత్రరంధ్రాలు మూసుకున్నప్పుడు ఆకుపై పడే అధిక కాంతిశక్తికి ఇది ఒక మార్గం చూపి, కిరణజన్య వ్యవస్థ దెబ్బతినకుండా కాపాడుతుంది. ఈ మార్గంలోని ఎంజైము లోపించిన అరబిడాప్సిస్ ఉత్పరివర్తకాలు అధిక కార్బన్ డై ఆక్సైడ్‌లో బాగానే పెరిగి, మామూలు గాలిలో క్షీణించాయి. అందువల్ల ఈ ప్రక్రియను పిచికారీతో నిలిపివేసి దిగుబడి పెంచవచ్చునన్న ప్రచారాన్ని విస్తరణ సిబ్బంది నమ్మరాదు. ప్రక్రియను ఆపడానికి బదులు దారి మార్చే ప్రయత్నాలే ఆశాజనకంగా ఉన్నాయి. 2019లో అమెరికాలోని ఇల్లినాయ్ పరిశోధకులు పొగాకు హరితరేణువుల్లో గ్లైకాలేట్‌కు దగ్గరి దారి కల్పించగా, పొలంలో జీవద్రవ్యరాశి 40 శాతం వరకు పెరిగింది. కొలిచినది జీవద్రవ్యరాశి మాత్రమే. గింజకు, కాయకు ఆ లాభం ఏ మేరకు చేరుతుందన్నది పంటవారీగా తేలవలసి ఉంది.

అంతవరకు రైతు చేతిలో ఉన్నది తేమ నిర్వహణ. నాగార్జునసాగర్ కుడికాలువ చివరి భూముల్లో, బోరు కింది మిరపలో, ఆకు మధ్యాహ్నం వాడిపోయే సమయానికే పత్రరంధ్రాలు చాలావరకు మూసుకొని ఉంటాయి. కాయ ఊరే దశలో వాడుదల కనిపించేంతవరకు వేచిచూడక, బిందుసేద్యం ద్వారా తక్కువ మోతాదులో తరచుగా తడి ఇవ్వడం, సాళ్ల మధ్య మల్చింగ్‌తో ఆవిరిని తగ్గించడం వల్ల రంధ్రాలు ఎక్కువసేపు తెరుచుకొని ఉంటాయి. వర్షాధార నల్లరేగడిలో ఈ వెసులుబాటు ఉండదు. అక్కడ కంది సాళ్ల మధ్య జొన్నను అంతరపంటగా వేయడం పరిశీలించదగినది.