దొరకడం లేదా? లొంగడం లేదా?

కూలీలు దొరకడం లేదు. దొరికినా నమ్మకంగా చేసేవాళ్లు లేరు. మా ఊరి టీ కొట్టు దగ్గర ఏ ఇద్దరు రైతులు కూర్చున్నా మూడో మాటగా వచ్చేది ఇదే. ఉపాధి హామీ, రేషన్ బియ్యం, పిల్లల చదువులు అంటూ ఎవరికి తోచిన కారణం వారు చెబుతారు. నేనూ ఆ బల్ల మీద కూర్చుని ఏళ్ల తరబడి ఆ మాటే అన్నవాణ్ణి. గుంటూరు జిల్లాలో మూడెకరాల నల్లరేగడి సాగు చేసుకునే చిన్న రైతును. భూమి ఉన్న కులంలో పుట్టినవాణ్ణి. నిరుడు మిరప కోతల వేళ జరిగిన ఒక సంఘటన తర్వాత ఆ మాట నా నోట రావడం లేదు. ఎందుకు రావడం లేదో నాలాంటి రైతులతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

మిరప వేసినవారికి మనిషి విలువ వేరుగా చెప్పనక్కర్లేదు. వరికి కోత యంత్రం వచ్చింది గానీ మిరపకాయను మా దగ్గర ఇప్పటికీ చేత్తోనే కోయాలి. సాగు ఖర్చులో కోత కూలిదే పెద్ద వాటా. పండిన కాయ చెట్టు మీద ఆగితే రంగు పోతుంది, తాలు పెరుగుతుంది, యార్డులో ధర పడిపోతుంది. కాబట్టి వేళకు వచ్చే పదిమంది మీదే ఏడాది కష్టమంతా ఆధారపడి ఉంటుంది. నా చేను పదేళ్లుగా కోస్తున్నది మా ఊరి పల్లెకు చెందిన దళిత స్త్రీల ముఠా.

రెండో కోత రోజున ముఠాతో పాటు ఒక పెద్దాయన కల్లం పనికి వచ్చారు. వయసు డెబ్బై దాటింది. మా నాన్న దగ్గర ఇరవై ఏళ్లకు పైగా పాలేరుగా ఉన్న మనిషి. ఇప్పుడు ‘ఆయన’ అని రాస్తున్నాను గానీ, జీవితమంతా ‘వాడు’ అనే అన్నాను. నాకంటే పదేళ్లకు పైగా పెద్ద. ఆ రోజు కూడా మా నాన్న పిలిచినట్టే పేరు సగానికి విరిచి ‘ఒరేయ్’ అని కేకేశాను. కోస్తున్నవారిలో ఆయన మనుమరాలు ఉంది. నర్సింగ్ చదువుతూ సెలవులకు వచ్చి తల్లితో పాటు చేలో దిగింది. ఆ అమ్మాయి తలెత్తి నా వైపు ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు ముఠా రాలేదు.

మేస్త్రికి ఫోన్ చేశాను. ఆమె ఆ అమ్మాయి తల్లి, పెద్దాయన కోడలు. ఒకసారి ఒంట్లో బాగాలేదంది, ఇంకోసారి వేరే చేను ఒప్పుకున్నామంది. మూడో రోజు పక్క చేలో అదే కూలికి కోస్తూ కనిపించారు. మనిషికి యాభై రూపాయలు ఎక్కువిస్తానని కబురు పెట్టినా రాలేదు. కర్నూలు వైపు నుంచి వచ్చిన వలస కూలీల కోసం తిరిగాను. వారిని పెద్ద రైతులు అడ్వాన్సులిచ్చి ముందే పిలిపించుకున్నారు. పశ్చిమ కర్నూలు మండలాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే పిల్లల చదువు మాన్పించి మరీ మిరప చేలకు వస్తాయి, గట్ల మీద గుడారాలు వేసుకుంటాయి. ‘వాళ్లయితే నమ్మకంగా చేస్తారు’ అని మా రైతులంతా మెచ్చుకుంటారు. ఆ మాటలోని అర్థం నాకు ఆ రోజే తట్టింది. సాయంత్రానికి ఇంటికి పోయే వీలు లేనివాడు మనకు నమ్మకస్తుడు. అడ్వాన్సు తీరేదాకా కదలలేనివాడు మరీ నమ్మకస్తుడు.

అయిదో రోజు పల్లెకు వెళ్లాను. అంతకు ముందు చాలాసార్లు వీధి మొదట నిలబడి కేకేసి వచ్చేసినవాణ్ణే, ఒక ఇంటి వరండాలో కూర్చోవడం అదే మొదలు. మేస్త్రి కుర్చీ వేసింది. “మంచినీళ్లు తాగుతారా అండీ?” అని అడిగింది. ఎవరింటికి వెళ్లినా ముందు నీళ్లిస్తారు. నన్ను మాత్రం అడగవలసి వచ్చింది. తాగాను.

“డబ్బులు చాలక కాదండీ. మా మావయ్యని నా కూతురి ముందర అట్టా పిలిచారు” అంది.

“ఎప్పుడూ పిలిచేదేగా?” అన్నాను.

“మాకు అలవాటైపోయిందండీ. ఆ పిల్లకి అలవాటు కాలేదు. కానివ్వను కూడా.”

మరి ఏమని పిలవాలో నాకు తోచలేదు. మా ఇంట్లో చాకలి ఇంటి పెద్దకూ మంగలి ఇంటి పెద్దకూ వరుసలున్నాయి. బాబాయ్ అనో మామా అనో పిలుస్తూ పెరిగాం. పల్లెలోని మనిషికి మాత్రం మా నోట ఏ వరుసా లేదు. నా తడబాటు చూసి ఆమే అంది: “పేరు పూర్తిగా పిలవండి చాలు. చివర గారు పెడితే నోరేం అరిగిపోదుగా.”

ఇంటికి వచ్చాక మా నాన్న మాటలు గుర్తుకొచ్చాయి. ఆ పెద్దాయన గురించి ఎవరితో చెప్పినా ‘నమ్మకస్తుడు’ అనేవారు. అర్ధరాత్రి నీరు పెట్టమన్నా, పండగ పూట బండి కట్టమన్నా మారు మాట్లాడేవారు కాదట. పెళ్లికి ఆయన మా నాన్న దగ్గర తీసుకున్న అప్పు ఎన్నేళ్ల చాకిరీకీ తీరలేదన్న సంగతి మాత్రం ఆ పొగడ్తలో ఉండేది కాదు. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. అలాంటి అప్పులు తీర్చనక్కర్లేదని ఆ చట్టం చెప్పింది. మా ఇంట్లో వెట్టి అనే మాట ఎన్నడూ వినిపించలేదు. దానికి మేము పెట్టుకున్న పేరు నమ్మకం.

కులం పనిని మాత్రమే విభజించలేదు, పనిచేసే మనుషులనే అంతస్తులుగా విడదీసిందని అంబేడ్కర్ 1936లోనే వివరించారు. మన జిల్లాలకు అది పుస్తకంలోని సంగతి కాదు. 1985 జూలై 17న కారంచేడులో జరిగిన మారణకాండ తర్వాత దళితులు ఊరు విడిచి చీరాల చేరారు. 1991లో చుండూరులో ఆగస్టు 6 నాటి హత్యాకాండకు ముందు అగ్రకులాలు దళితులను సాంఘికంగా బహిష్కరించాయి, చేలలో పని లేకుండా చేశాయి. పని ఇవ్వకపోవడాన్ని శిక్షగా ప్రయోగించిన సమాజం మనది. ఇప్పుడు వారే పనికి రాకపోతే అది సోమరితనమని, కృతఘ్నత అని అంటున్నాం.

ఉపాధి హామీ మీద మన కోపానికీ మూలం ఇదే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనికి హామీ ఇచ్చింది. ఆడామగా తేడా లేకుండా ఒకే కూలి అన్నది. వంద రోజుల కూలితో ఏ కుటుంబమూ ఏడాదంతా గడవదు. కానీ అవమానించిన చేనుకు ‘రాను’ అనడానికి అది కొంత ధైర్యమిచ్చింది. వ్యవసాయ సీజనులో ఆ పనులు ఆపాలని అడిగినవారిలో నేనూ ఉన్నాను. నిజానికి అప్పుడు నేను అడిగింది ఆ ధైర్యాన్ని ఆపమనే.

చిన్న రైతు కష్టం అబద్ధం కాదు. ఎరువు ధర మన చేతిలో లేదు, యార్డులో ధరా మన చేతిలో లేదు. కౌలు చేసేవారి బాధ ఇంకా ఎక్కువ. అయితే పురుగు మందుల కొట్టులో, యార్డులో వ్యాపారి దగ్గర నోరెత్తలేని మనం, ఆ నష్టమంతా మనకంటే కింద ఉన్నారనుకున్నవారి కూలిలోనూ మర్యాదలోనూ మిగుల్చుకోవాలని చూస్తున్నాం. నమ్మకమైన మనిషి కావాలంటే ముందు మనం నమ్మదగినవాళ్లమా అని చూసుకోవాలి. కూలి ఏ పూటకు ఆ పూట ఇస్తున్నామా? కాటా సరిగ్గా వేస్తున్నామా? మంచినీళ్ల బిందె అందరికీ ఒకటేనా?

మూడో కోతకు ముఠా వచ్చింది. ఆలస్యమైన రెండో కోతలో తాలు ఎక్కువై కొంత నష్టపోయాను. ఇప్పుడు కూలి సాయంత్రమే లెక్క చూసి ఇచ్చేస్తున్నాను. నీళ్ల బిందె ఒకటే. పెద్దాయనను పూర్తి పేరుతో ‘గారు’ అని పిలిచిన మొదటి రోజు నాలుక తడబడింది, టీ కొట్టు దగ్గర తోటి రైతులు నవ్వారు. దీనితో కులం పోయిందని నేననను. భూమి ఇంకా నాదే, కాయ కోసే చేతులు ఇంకా వారివే.

ఆ పెద్దాయన మాత్రం మళ్లీ నా చేలో అడుగు పెట్టలేదు. ఇంటికి వెళ్లి రమ్మని అడిగాను. “వయసైపోయింది బాబూ, చేతకావడం లేదు” అన్నారు. పక్క రైతు కల్లం కాపలాకు రోజూ వెళ్తూనే ఉన్నారు.