నెల జీతమా... సీజన్ కాంట్రాక్టా?

రాత్రి భోజనాల దగ్గర మీ శ్రీవారు మెల్లగా కదిపారనుకోండి... "ఏమే, జీతం మానేద్దామనుకుంటున్నా. మిరపకాయల తొడిమలు తీయించే పని కాంట్రాక్టుకి ఇస్తానంటున్నాడు ఓనరు. నెలకి ముప్ఫై వేలు మిగులుతాయట!"

మజ్జిగ పోస్తూ "మీ ఇష్టమండీ" అనేయడం తేలికే. కానీ రేపు పెట్టుబడి చాలకపోతే తాకట్టుకి వెళ్లేది మీ మెడలో గొలుసే కదా! అందుకని ముందు కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోండి.

గుంటూరు, ప్రకాశం వైపు జిన్నింగు మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో, కారం మిల్లుల్లో జీతానికి పనిచేసే ఏ ఇంటికైనా ఈ ప్రశ్న రావచ్చు. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాల్లోకి వెళ్లిన ఊళ్లదీ ఇదే కథ.

జీతమంటే చేతికొచ్చేదేనా?

కాదండీ! ఉదాహరణకి జీతం 15,000 అనుకుందాం. పీఎఫ్ ఉన్న చోట యజమాని తన వంతుగా 12 శాతం, అంటే 1,800 కడతాడు. ఈఎస్ఐ ఉంటే 3.25 శాతం, సుమారు 490. గ్రాట్యుటీ అంటే ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం. నెలని 26 రోజులుగా లెక్కకడితే ఏడాదికి దాదాపు 8,650, నెలకి 720. అన్నీ కలిపితే ఆ ఉద్యోగం విలువ నెలకి సుమారు 18,000. ఏడాదికి 2,16,000! బోనసు, సెలవు జీతం ఇందులో కలపనే లేదు.

ముప్ఫై వేలు... ఎన్ని నెలలు?

ఇదే అసలు ప్రశ్న. పత్తి తీతలు మొదలయ్యాక జిన్నింగు మిల్లు జోరు వేసవి దాకానే. కొత్త మిరపకాయ సంక్రాంతి దాటాక యార్డుని ముంచెత్తుతుంది. ఎండలు ముదిరాక యార్డుకే సెలవులిస్తారు. ఆపైన కోల్డ్ స్టోరేజీ సరుకు మీద కొంత పని దొరకవచ్చుగానీ, సీజనులో ఉన్నంత ఉండదు. గట్టిగా 6 నెలలు పని దొరికిందనుకున్నా 30,000 చొప్పున 1,80,000. చూశారా... రెట్టింపులా కనిపించిన సంపాదన ఏడాది తిరిగేసరికి జీతం కంటే 36,000 తక్కువ! జీతంతో సమానం కావాలన్నా సీజనులో నెలకి 36,000 మిగలాలి.

పైగా పంట మన మాట వినదు. 2021-22లో నల్ల తామర పురుగు ఈ ప్రాంతంలో మిరప తోటల్ని ఊడ్చేసింది. 2025లో ధర బాగా పడిపోయి, ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల రేటు ప్రకటించి ఆదుకోవాల్సి వచ్చింది. అలాంటి ఏడాది నెల జీతగాడికి జీతం అడిగే హక్కయినా ఉంటుంది. కాంట్రాక్టరుకి? పనుంటేనే డబ్బు.

ఇంకో చిక్కు... తొడిమలు తీసే ఆడవాళ్లకి వారం వారం కూలి లెక్క చూడాలి. మీకు రావలసిన బిల్లేమో నెల తర్వాత రావచ్చు. ఆ మధ్యలో డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది? గొలుసు మాట వచ్చేది ఇక్కడే! వాళ్లవీ మనలాంటి కాపురాలే, కూలి ఆపకూడదు కదా.

అయితే వద్దనేయాలా?

అక్కర్లేదు. పని తెలిసిన మనిషికి, నలుగురి దగ్గర మాట నిలబెట్టుకున్న మనిషికి కాంట్రాక్టు కలిసి రావచ్చు. కాకపోతే ఊఁ అనేముందు ఇవి అడగండి.

* సర్వీసు ఎన్నేళ్లయింది? పర్మనెంటు ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే 5 ఏళ్లు, పీఎఫ్ పింఛనుకి 10 ఏళ్లు నిండాలి. నాలుగో ఏటో, తొమ్మిదో ఏటో ఉంటే "ఇంకొన్నాళ్లు ఆగండి" అనండి.

* పని ఒక్క ఓనరు దగ్గరేనా? అయితే అది పాత ఉద్యోగమే, జీతం భద్రత మాత్రం పోయింది! కనీసం ఇద్దరు ముగ్గురి పని దొరకాలి.

* రేటు, బిల్లు ఇచ్చే గడువు, అడ్వాన్సు, హమాలీ ఎవరిది... ఇవన్నీ కాగితం మీద ఉన్నాయా?

* పాన్ కార్డు ఇచ్చారా? కంపెనీ బిల్లులో మామూలుగా 1 శాతం పన్ను పట్టుకుంటుంది. పాన్ లేకపోతే 20 శాతం!

* ఆరు నెలల ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు బ్యాంకులో విడిగా ఉన్నాయా? పీఎఫ్ డబ్బుని మాత్రం పెట్టుబడికి కదపనివ్వకండి.

* ఈఎస్ఐ పోతే ఆస్పత్రి ఖర్చుకి దారేది? బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కడితే 2 లక్షల ప్రమాద బీమా ఉంది, ప్రధానమంత్రి సురక్షా బీమా. అది ప్రమాదానికే తప్ప జ్వరానికి పనికిరాదు. ఆరోగ్య బీమా వేరే చూసుకోవాలి.

వీటన్నిటికీ జవాబులు దొరికితే ధైర్యంగా "కానివ్వండి" అనండి. దొరక్కపోతే ఈ ఒక్క సీజనూ జీతంలోనే ఉండి, జవాబులు వెతకమనండి.

ఎండల్లో ఏడాదికి సరిపడా కారం కొట్టించి, జాడీకి గుడ్డ కట్టి, మళ్లీ కొత్త కాయ వచ్చేదాకా సర్దుకొచ్చే నేర్పు మీది. సీజను డబ్బూ అచ్చం ఆ కారం లాంటిదే. ఆరు నెలల్లో వచ్చింది పన్నెండు నెలలు రావాలి. ఆ జాడీ మూత మీ చేతిలో ఉంటుందో లేదో... మొదట అది తేల్చుకోండి!