గదిలో పింగాణీ... రికార్డుల బాణీ!

చేయి జారితే క్షణంలో ముక్కలు. జాగ్రత్తగా చూసుకుంటే వెయ్యేళ్లయినా చెక్కుచెదరదు. తుప్పు పట్టదు, చెదలు ముట్టవు, రంగు వెలవదు. రాజుల కోటల నుంచి మామూలు ఇళ్ల షోకేసుల దాకా పాత పింగాణీకి దక్కిన పీట అలాంటిది. కాల్చిన మట్టి కొల్లగొట్టిన రికార్డులు ఒకటా, రెండా? చూడండి!

అన్నిటికన్నా పాత కుండ: చైనాలోని షియన్‌రెన్‌డాంగ్ గుహలో దొరికిన కుండపెంకుల వయసు దాదాపు 20 వేల ఏళ్లు. ఈ సంగతి 2012లో లోకానికి తెలిసింది. అంటే మనిషి సేద్యం మొదలుపెట్టడానికి సుమారు 10 వేల ఏళ్ల ముందే కుండ చేశాడన్నమాట! పెంకులకు పొయ్యి మసి కూడా అంటుకుని ఉంది.

అన్నిటికన్నా పాత బొమ్మ: కుండ కన్నా బొమ్మే ముందు! చెక్ దేశంలోని డోల్నీ వెస్టొనీట్సెలో 1925లో బయటపడిన స్త్రీమూర్తి ఎత్తు 11.1 సెంటీమీటర్లే. వయసు మాత్రం 25 వేల ఏళ్ల పైమాటే. దొరికినప్పుడు రెండు ముక్కలుగా ఉంది. అతికిస్తే నిండు బొమ్మ అయింది.

అతి పలుచన: చైనాలో 4 వేల ఏళ్ల కిందట లాంగ్‌షాన్ కుమ్మరులు చేసిన నల్లని కాడగిన్నెల గోడల మందం ఒక్క మిల్లీమీటరు ఉండదు. పేరే ‘గుడ్డుపెంకు కుండలు’. విద్యుత్తు లేదు, యంత్రం లేదు. ఉన్నవి సారె, వేళ్లు, ఓపిక!

అతి ఎత్తు: చైనాలోని నాన్‌జింగ్‌లో 15వ శతాబ్దంలో లేచిన పింగాణీ గోపురం ఎత్తు 79 మీటర్లు. మూడు తాటిచెట్లను ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత! మన కుతుబ్ మినార్ 72.5 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. తొమ్మిది అంతస్తుల ఈ తెల్లని వింత 1856లో తైపింగ్ తిరుగుబాటులో నేలకూలింది.

అతి ఖరీదైన గిన్నె: కుంచెలు కడుక్కునే చిన్న గిన్నె. వెడల్పు 13 సెంటీమీటర్లు. 2017లో హాంకాంగ్ వేలంలో పలికిన ధర 29.43 కోట్ల హాంకాంగ్ డాలర్లు! అంటే సెంటీమీటరుకు 2 కోట్లకు పైనే. కారణం అరుదు. దాన్ని చేసిన చైనాలోని రూ బట్టీలు రాజాస్థానం కోసం పనిచేసింది సుమారు 20 ఏళ్లే. లోకం మొత్తంలో మిగిలిన రూ పాత్రలు వందకు లోపే.

అతి ఖరీదైన కప్పు: వెడల్పు 8.2 సెంటీమీటర్లు. పుంజు, పెట్ట, పిల్లలు ఈ చైనా కప్పు మీది బొమ్మలు. వయసు 500 ఏళ్లు దాటింది. 2014లో ధర 28.12 కోట్ల హాంకాంగ్ డాలర్లు. కొన్నాయన క్రెడిట్ కార్డు 24 సార్లు గీశాడు. ఆపైన అందులో టీ పోసుకుని తాగాడు!

అదృష్టంలో మొనగాడు: 2007లో న్యూయార్క్ రాష్ట్రంలో ఓ కుటుంబం పాత సామాన్ల అమ్మకంలో ఓ తెల్లని గిన్నె కొన్నది. ధర 3 డాలర్లు. ముందుగదిలో అలంకారంగా పెట్టుకున్నది. తీరా చూస్తే అది వెయ్యేళ్ల నాటి చైనా డింగ్ గిన్నె! 2013 వేలంలో 22 లక్షల 25 వేల డాలర్లు పలికింది. పెట్టిన సొమ్ముకు 7 లక్షల రెట్లు దాటింది!

వింత బేరం: డబ్బు ఇవ్వలేదు, సైనికులనిచ్చాడు! 1717లో సాక్సనీ పాలకుడు ఆగస్టస్ 600 మంది అశ్వసైనికులను ప్రష్యా రాజుకు అప్పగించి 151 చైనా పింగాణీలు తెచ్చుకున్నాడు. ఒక్కో పాత్రకు దాదాపు నలుగురు సైనికులు! ఆ పెద్ద కూజాలు డ్రెస్డెన్‌లో నేటికీ ఉన్నాయి. పేరు ‘డ్రాగూన్ కూజాలు’, అంటే సైనికుల కూజాలు.

నిండైన గది: బెర్లిన్‌లోని షార్లొటెన్‌బర్గ్ కోటలో 1706 నాటి పింగాణీ గది. గోడ నేల దగ్గర మొదలై కప్పు దాకా దాదాపు 2,700 పాత్రలు! మధ్యలో నిలువుటద్దాలు. ఉన్నవి వేలు, కనిపించేవి పదివేలు.

కప్పుకెక్కిన పళ్లేలు: లిస్బన్‌లోని సాంటోస్ కోటలో ఓ చిన్న గది. పైకప్పు గోపురంలా మొనదేలి ఉంటుంది. దాని లోపలి నాలుగు ముఖాలనూ 260కి పైగా చైనా నీలి పళ్లేలు కప్పేశాయి. గోడకు రెండు పళ్లేలు తగిలించి మురిసిపోయేవారు తలెత్తి చూడాల్సిన గది!

అతి పెద్ద భోజనాల సెట్టు: జర్మనీలోని మీస్సెన్ పింగాణీ బట్టీలో 1737-42 మధ్య బ్రూల్ అనే ప్రభువు కోసం తయారైన హంసల సెట్టులో 2,200కు పైగా వస్తువులు. ఎటు చూసినా హంసలే, అలలే, గవ్వలే!

ఎక్కువ బొమ్మల సెట్టు: రష్యా రాణి కేథరిన్ కోసం 1774లో ఇంగ్లండ్ కుమ్మరి వెడ్జ్‌వుడ్ పూర్తిచేసిన సెట్టులో 952 వస్తువులు, వాటి మీద 1,222 బ్రిటన్ దృశ్యాలు. ప్రతి వస్తువు మీదా ఓ పచ్చ కప్ప. రాణి కోట నిలిచింది కప్పల చిత్తడి నేలలో మరి!

అతి పొడవైన గోడ: డ్రెస్డెన్‌లో ‘రాజుల ఊరేగింపు’ గోడచిత్రం 102 మీటర్లు. మీస్సెన్ పింగాణీ పలకలు సుమారు 23 వేలు. 1945 ఫిబ్రవరి బాంబుదాడిలో చుట్టూ నగరం బూడిదైంది. ఈ గోడ దాదాపు చెక్కుచెదరకుండా నిలిచింది!

అతి పెద్ద మునిగిన నిధి: 1822లో టెక్ సింగ్ అనే చైనా ఓడ ఇండోనేషియా దగ్గర మునిగింది. 1999లో గజ ఈతగాళ్లు పైకి తెచ్చిన పింగాణీలు దాదాపు 3 లక్షల 50 వేలు! 177 ఏళ్లు ఉప్పునీళ్లలో నానినా చాలావాటి నీలం వెలవలేదు. మరుసటి ఏడే వేలంలో అవి లోకమంతటా ఇళ్లకు చేరాయి.

అతి వేగం: 2006లో కేంబ్రిడ్జి ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఓ సందర్శకుడు మెట్ల మీద తూలాడు. కిటికీ దగ్గరున్న మూడు చైనా చింగ్ వంశ కాలపు కూజాలు కన్నుమూసి తెరిచేలోగా తునాతునకలు! అతికించడానికి మాత్రం నెలలు పట్టింది. ముచ్చటైన పింగాణీని నడవలో, కిటికీ అంచున పెట్టరాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

భయపెట్టే ఎరుపు: అమెరికాలో 1936లో మొదలైన ఫియెస్టా పాత్రల తొలినాటి ఎర్ర పూతలో యురేనియం ఉంది! 1943లో ఆ లోహం యుద్ధానికి మళ్లడంతో ఎరుపు ఆగింది. సేకరణకర్తలు ఆ పళ్లేలను అరలో అందంగా పెడతారు, అన్నానికి వాడరు. పాత పూతల్లో చాలావాటిలో సీసం కూడా ఉంటుంది. కనుక తెలియని పాత పళ్లెం కంటికే విందు, నోటికి కాదు.

మన గడ్డ మెరుపు: హైదరాబాద్ బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీది రంగు పలకల పని 1611 నాటికే పూర్తయింది. 1908 మూసీ వరద దెబ్బ తిన్నా 400 ఏళ్లు దాటిన ఆ రంగులు ఇంకా మిలమిలలాడుతున్నాయి. కొచ్చిలోని పరదేశి యూదుల ప్రార్థనాలయంలోనైతే చైనా నుంచి వచ్చిన చేతిచిత్రాల నీలి పలకలు నేల మీదే పరుచుకున్నాయి!

మరి మన ఇంటి ఛాంపియన్? అటక మీది ఆవకాయ జాడీ! ఉప్పుకు, పులుపుకు, నూనెకు, కారానికి ఏళ్ల తరబడి ఎదురొడ్డిన వీరుడు. దుమ్ము దులిపి ముందుగది మూలన నిలబెట్టండి, నాలుగు పొడవాటి కొమ్మలు గుచ్చండి. తాతల నాటి పళ్లేలుంటే గోడకెక్కించండి. అంచు చిట్లిందని పారేయకండి. జపాన్‌లో అలాంటి పగుళ్లను ఓ చెట్టు జిగురుతో అతికించి బంగారుపొడి అద్దుతారు. ఒక్క మాట గుర్తుంచుకోండి: 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన కళాఖండం పురావస్తువు. సొంతదైనా దాన్ని వ్యక్తులు దేశం దాటించడం నేరం. పాత జాడీనో, పళ్లాన్నో ఇంట్లో పెట్టుకుని చూసుకోవచ్చు. ఇవాళే అటకెక్కి వెతకండి!